ఫార్మాట్ కొట్టే ముందు

పాత లాప్‌టాప్ మొరాయిస్తే అందరికీ ముందుగా తోచేది విండోస్ తీసేసి మళ్లీ వేయించడమే. కానీ తప్పు విండోస్‌దేనా? వేయించాల్సి వస్తే ఎక్కడెక్కడ ఆగిపోతుంది? జహీరాబాద్ నుంచి ముఖచిత్ర కథనం.

"అన్నా, గిది ఆన్ అయితలేదు."

"కొని ఎన్నేండ్లయింది?"

"తమ్ముడు ఇంజినీరింగ్‌ల చేరినప్పుడు తీసుకున్నం. పదేండ్లు అయితుండొచ్చు."

"ఫార్మాట్ కొట్టేద్దాం. డేటా ఏమన్నా ఉన్నదా?"

"ఏం లేదు. ఫొటోలున్నయి, అవి డీ డ్రైవ్‌లనే ఉన్నయి."

65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు దాటి వస్తే జహీరాబాద్. ఇంకాస్త ముందుకెళ్తే కర్ణాటక, పక్కనే బీదర్. ఈ దారిలో ఏ ఊళ్లో దిగి ఏ కంప్యూటర్ షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడినా ఇలాంటి మాటలే వినిపిస్తాయి. విన్నంతసేపూ మామూలుగానే ఉంటాయి. కానీ మిషన్‌కు ఏమైందో చూడకముందే ఏం చేయాలో తేలిపోయింది. పైగా "ఏం లేదు" అన్న మనిషికి అందులో ఏముందో నిజంగా తెలియదు.

ఈ కథనం చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత లాప్‌టాప్‌ల విషయంలో ఆపరేటింగ్ సిస్టం మళ్లీ ఎక్కించడం చివర చేయాల్సిన పని. మన దగ్గర అది మొట్టమొదటే జరిగిపోతోంది.

ఇప్పుడే ఎందుకంటే

2015 జూలై 29న వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. ఆపేసిందంటే ఆ లాప్‌టాప్‌లు మర్నాటి నుంచి పనిచేయవని కాదు. భద్రతా లోపాలు బయటపడితే వాటిని పూడ్చే అప్‌డేట్లు మామూలుగా రావు, అంతే. తర్వాతిదైన విండోస్ 11 వేసుకుందామంటే దానికి షరతులున్నాయి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, సెక్యూర్ బూట్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, లేదంటే ఆ తర్వాతిది కావాలి. 2017కు ముందు కొన్న లాప్‌టాప్ ఏదీ ఈ గీత దాటదు. ఇలా గీత కింద ఉండిపోయే కంప్యూటర్లు ప్రపంచమంతటా 24 కోట్లని 2023 చివర్లో కెనాలిస్ అనే పరిశోధన సంస్థ అంచనా వేసింది.

తమ్ముడు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న లాప్‌టాప్ ఆ 24 కోట్లలో ఒకటి. కరోనా కాలంలో పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు పనికొచ్చింది. ఇప్పుడు దుకాణంలో బిల్లులకో, పోటీ పరీక్షల వీడియోలకో వాడుతున్నారు. స్క్రీన్ మీద "మద్దతు ముగిసింది" అన్న మాట కనిపించగానే ఇంటివాళ్లకు అది పాడైపోయిందనిపిస్తుంది. అక్కడి నుంచి కౌంటర్‌కు చేరుతుంది.

లోగో వచ్చిందా?

"ఆన్ అయితలేదు" అన్న మాటలో నాలుగైదు వేరువేరు జబ్బులుంటాయి. మంచి మెకానిక్ మొదట అడిగేది, తయారీ కంపెనీ లోగో తెర మీదికి వస్తోందా అని.

లైటు వెలిగి, ఫ్యాన్ తిరిగి, తెర నల్లగానే ఉండిపోతే అక్కడికింకా విండోస్ వంతే రాలేదు. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఒరిగేది లేదు. చాలాసార్లు అది ర్యామ్ దగ్గరి సమస్య. వెనక మూత విప్పి, ర్యామ్ బయటికి తీసి, దాని బంగారు రంగు పళ్లను పిల్లలు వాడే రబ్బరుతో తుడిచి మళ్లీ బిగిస్తే లేచి కూర్చున్న లాప్‌టాప్‌లు ఎన్నో.

లోగో వచ్చి, ఆపైన "బూట్ డివైస్ దొరకలేదు" అంటే అది ఇంకో దారి. హార్డ్ డిస్క్ పోయి ఉండొచ్చు. లేదా మదర్‌బోర్డు మీది గుండీ సెల్ అయిపోయి ఉండొచ్చు. రూపాయి బిళ్లంత ఉండే ఈ 3 వోల్టుల సెల్ బయోస్ గడియారాన్ని, చాలా పాత మిషన్లలో బయోస్ సెట్టింగులను కూడా కాపాడుతుంది. అది ఖాళీ అయ్యాక లాప్‌టాప్ పెద్ద బ్యాటరీ కూడా చచ్చి ఉంటే, చార్జర్ పీకిన ప్రతిసారీ బయోస్ తన పుట్టుక నాటి సెట్టింగులకు వెళ్లిపోతుంది. డిస్క్‌ను ఎలా చదవాలో చెప్పే సెట్టింగ్ మారుతుంది, బూట్ పద్ధతీ మారుతుంది. విండోస్ లేస్తూ లేస్తూనే నీలం తెర వేసి పడిపోతుంది. చూసేవాళ్లకు విండోస్ కరప్ట్ అయినట్టే ఉంటుంది. నిజానికి దానికేమీ కాలేదు. సెల్ మార్చి, బయోస్‌లో పాత సెట్టింగ్ పెడితే చాలు. అది చూడకుండా ఫార్మాట్ కొట్టిన చోట కొన్నాళ్లకు మళ్లీ అదే నీలం తెర వస్తుంది. "ఈ మోడలే ఇంత" అన్న తీర్పూ వస్తుంది.

ఇక "స్లో అయింది" అన్న ఫిర్యాదు. ఎండాకాలం, దుమ్ము, పదేళ్లుగా విప్పని ఫ్యాన్. లోపల వేడి పెరిగితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్ శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తీసి కొత్తది పూస్తే తీరే సమస్యకు విండోస్‌ను బలిపెట్టడం అన్యాయం.

సీ డ్రైవ్‌లో ఏముంది

"డీ డ్రైవ్‌ల ఉన్నయి" అన్న ధీమా సంగతి. మనలో చాలామందికి సీ డ్రైవ్ అంటే విండోస్‌ది, డీ డ్రైవ్ అంటే మనది. కానీ డెస్క్‌టాప్ మీద కనిపించే ప్రతి ఫైలూ సీ డ్రైవ్‌లోనే ఉంటుంది. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, వాట్సాప్ నుంచి దించుకున్న బిల్లులు, బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డులు, అన్నీ అక్కడే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం టాలీ దగ్గర. అల్లం, ఆలుగడ్డ, చెరకు వ్యాపారాలున్న ఊరిది. లెక్కలన్నీ టాలీలో ఉంటాయి. పాత టాలీ ఈఆర్‌పీ 9 మామూలుగా తన డేటాను సీ డ్రైవ్‌లోని టాలీ ఫోల్డర్ లోపలే దాస్తుంది. టాలీ ప్రైమ్ అయితే సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో పబ్లిక్, అందులో టాలీ ప్రైమ్ పేరున్న ఫోల్డర్‌లో పెడుతుంది. షాపు కుర్రాడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ బాధ్యతగా కాపీ చేసుకున్నా ఇది తప్పిపోతుంది. టాలీని మళ్లీ ఎక్కించవచ్చు. మూడేళ్ల ఖాతాలను ఎక్కించలేం.

విండోస్ లేవని లాప్‌టాప్ నుంచి డేటా ఎలా తీయాలంటే, దారి ఉంది. లైనక్స్ మింట్ లాంటి ఆపరేటింగ్ సిస్టంను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా ఆ పెన్‌డ్రైవ్ మీదే లాప్‌టాప్‌ను లేపవచ్చు. లోపలి డిస్క్ అందులో ఓ ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవడమే. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే మాత్రం కీ అడుగుతుంది. బిట్‌లాకర్ రికవరీ కీలో 48 అంకెలుంటాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినవాళ్లకు అది చాలాసార్లు ఆ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. ఆ ఖాతా ఎవరి ఈమెయిల్‌తో తెరిచారో గుర్తుండదు, అదీ చిక్కు. బయోస్‌లో ఒక సెట్టింగ్ మార్చినా ఈ కీ అడిగే అవకాశం ఉంది కాబట్టి, లాప్‌టాప్ బాగా పనిచేస్తున్న రోజునే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

డిస్క్ నుంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంటే స్కానింగులు, రిపేరులు పెట్టొద్దు. తిరిగేకొద్దీ ఇంకా చెడుతుంది. పనికొచ్చేవి ముందు బయటికి తీసుకుని తర్వాత పరీక్షలు చేయండి.

పెన్‌డ్రైవ్ పెడితే పలకదు

సరే, అన్నీ చూశారు, మళ్లీ ఎక్కించక తప్పదని తేలింది. ఇంట్లోనే చేద్దామనుకునే కుర్రాళ్లు మొదట బోల్తాపడేది పెన్‌డ్రైవ్ దగ్గర. విండోస్ ఐఎస్ఓ ఫైల్ దించుకుని పెన్‌డ్రైవ్‌లోకి అలాగే కాపీ చేస్తారు. అది బూట్ కాదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో గానీ, పీట్ బటార్డ్ అనే ప్రోగ్రామర్ రాసి ఉచితంగా ఇస్తున్న రూఫస్‌తో గానీ ఆ పెన్‌డ్రైవ్‌ను తయారుచేయాలి. తర్వాత బూట్ మెనూ. ఆన్ చేయగానే డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్ మీట నొక్కాలి. ఏసర్‌లోనూ ఎఫ్12నే, కాకపోతే చాలా మోడళ్లలో ముందు బయోస్‌లోకి వెళ్లి ఆ మెనూను అనుమతించాలి. అది తెలియక మీట నొక్కీ నొక్కీ వేలు అరగదీసుకున్నవాళ్లున్నారు.

పెన్‌డ్రైవ్ లేచి, భాష అడిగి, డిస్క్ ఎంచుకోమనే దాకా వచ్చాక అసలు గోడ. "ఎంచుకున్న డిస్క్‌లో ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, ఈఎఫ్ఐ సిస్టంలలో విండోస్‌ను జీపీటీ డిస్కుల మీదే వేయగలం" అన్న అర్థంలో ఒక సందేశం వచ్చి నిలిచిపోతుంది. 2012 మొదలుకుని ఓ నాలుగైదేళ్ల పాటు వచ్చిన లాప్‌టాప్‌లలో ఇది మరీ ఎక్కువ. ఎందుకంటే అవి రెండు కాలాల మధ్య పుట్టాయి. లెగసీ బయోస్ పద్ధతి, యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి రెండూ వాటిలో ఉంటాయి. ఎంబీఆర్ 1983 నాటి పీసీ డాస్ 2.0తో వచ్చిన ఏర్పాటు. నాలుగు ప్రధాన పార్టిషన్లు, 2 టెరాబైట్లు దాని హద్దు. జీపీటీలో విండోస్ 128 పార్టిషన్ల దాకా ఒప్పుకుంటుంది. విండోస్ 7 రోజుల్లో లెగసీలో ఎక్కించిన డిస్క్‌కు ఇప్పుడు యూఈఎఫ్ఐలో లేచిన పెన్‌డ్రైవ్ ఎదురుపడితే రెండింటికీ పొసగదు.

ఇక్కడ యూట్యూబ్ చూసినవాళ్లు ఒక పని చేస్తారు. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, నల్ల తెర తెరిచి, డిస్క్‌పార్ట్ అని కొట్టి, డిస్క్ ఎంచుకుని, క్లీన్ అని ఎంటర్ నొక్కేస్తారు. కన్ను మూసి తెరిచేలోగా సందేశం మాయమవుతుంది. దాంతోపాటు డీ డ్రైవ్ కూడా. ఈ ఆదేశానికి సీ, డీ తేడా లేదు. ఊరి పహాణీ పుస్తకాన్ని చించేస్తే పొలాలు ఎక్కడికీ పోవు గానీ ఎవరి హద్దు ఎక్కడో చెప్పే కాగితం ఉండదు. డిస్క్‌లో పార్టిషన్ టేబుల్ అలాంటిది. అందుకే పొరపాటున క్లీన్ కొట్టినవాళ్లు అక్కడికక్కడే ఆగి, ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా రికవరీ తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్తే చాలావరకు తిరిగి దొరుకుతుంది. దాని మీదే విండోస్ ఎక్కించేశాక వెళ్తే ఆశ తక్కువ.

అసలు క్లీన్ అవసరమే లేదు. బూట్ మెనూలో చాలాసార్లు ఒకే పెన్‌డ్రైవ్ రెండు పేర్లతో కనిపిస్తుంది, ఒకటి యూఈఎఫ్ఐ అన్న మాటతో, ఇంకొకటి అది లేకుండా. అలా కనిపిస్తే, రెండోదాన్ని ఎంచుకుంటే పాత పద్ధతిలోనే లేచి ఎంబీఆర్ డిస్క్ మీద కిమ్మనకుండా ఎక్కుతుంది. లేదు, కొత్త పద్ధతే కావాలంటే డేటా పోకుండా మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు 2017 నుంచి విండోస్ 10లోనే ఉంది. డేటా పోదన్నారు కదా అని బ్యాకప్ లేకుండా దాని జోలికీ వెళ్లొద్దు.

విండోస్ 7నే కావాలని పట్టుబట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత ప్రింటర్ కోసమో, పాత సాఫ్ట్‌వేర్ కోసమో. యూఎస్‌బీ 3 పోర్టును నడిపే డ్రైవర్ విండోస్ 7 ఇన్‌స్టాలర్‌లో లేదు. నీలం రంగు పోర్టులో పెన్‌డ్రైవ్ పెడితే మొదటి తెర దాకా వచ్చి డ్రైవర్ అడుగుతూ కూర్చుంటుంది, మౌస్ కదలదు. నల్ల పోర్టు ఉంటే అందులో పెట్టండి. 2020 జనవరి 14తో మద్దతు ముగిసిన దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించి బ్యాంకు పనులు మాత్రం చేయకండి.

సగంలో ఆగితే

ఫైళ్లు కాపీ అవుతుంటాయి. పది శాతం, ముప్పై, అరవై... అక్కడ నిలబడుతుంది. లేదా 0x80070570 అన్న నంబరు చూపించి, కావలసిన ఫైళ్లు పాడైపోయాయనో కనిపించడం లేదనో చెప్పి ఆగిపోతుంది. అలా ఆగడానికి పెన్‌డ్రైవ్, ర్యామ్, డిస్క్ మూడింటిలో దేన్నయినా అనుమానించాలి. ప్రతిసారీ వేరే చోట ఆగుతుంటే నేనైతే ముందు ర్యామ్‌ను అనుమానిస్తాను. ప్రతిసారీ ఒకేచోట ఆగుతుంటే దించుకున్న ఐఎస్ఓ ఫైల్‌ను గానీ డిస్క్‌ను గానీ చూడాలి. ర్యామ్‌ను పరీక్షించడానికి మెమ్‌టెస్ట్86+ ఉచితంగా దొరుకుతుంది. రాత్రి పెట్టి పొద్దున చూస్తే తేలిపోతుంది.

డిస్క్ సంగతి డిస్కే చెబుతుంది. స్మార్ట్ అనే లెక్కను అది పుట్టినప్పటి నుంచి రాసుకుంటూ ఉంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే, చెడిపోయినందుకు పక్కన పెట్టిన సెక్టార్లు ఎన్నో, చదవలేక వాయిదా వేసినవి ఎన్నో కనిపిస్తాయి. చదవలేనివి సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద విండోస్ వేయడం శుద్ధ దండగ.

ఇంకొంచెం ముందుకెళ్లి చెబుతాను. డిస్క్ బాగానే ఉన్నా సరే, నిమిషానికి 5,400 సార్లు తిరిగే పాత హార్డ్ డిస్క్ మీద ఈరోజుల్లో విండోస్ 10 మళ్లీ ఎక్కించి డబ్బు తీసుకోవడం నా దృష్టిలో మంచి పని కాదు. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లను చదువుతుంది. తిరిగే డిస్క్ ముల్లు సెకనుకు వంద చోట్లకు వెళ్లి రావడమే కష్టం. ఎస్ఎస్‌డీలో ముల్లే లేదు, వేలల్లో చదువుతుంది. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌కు మామూలు సాటా ఎస్ఎస్‌డీ బిగించి, ర్యామ్ 8 జీబీ చేస్తే వచ్చే తేడా ఏ ఫార్మాట్‌తోనూ రాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఇలాంటి సామాను దొరకని రోజుండదు. పొద్దున ఫోన్ చేసి, ఆర్టీసీ కార్గోలో వేయమంటే జిల్లా షాపులకు వచ్చేస్తుంది. పాత హార్డ్ డిస్క్‌ను పారేయకుండా కేసులో వేయించుకుంటే, అది బాగున్నంతకాలం బ్యాకప్‌కు పనికొస్తుంది.

కరెంటు మాట మరిచిపోయాను. పాత లాప్‌టాప్‌లలో చాలావాటికి బ్యాటరీ పేరుకే ఉంటుంది. ఇన్‌స్టలేషన్ మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. బయోస్ అప్‌డేట్ మధ్యలో పోతే మదర్‌బోర్డు లేవకపోవచ్చు. యూపీఎస్ లేకుండా బయోస్ అప్‌డేట్ జోలికి వెళ్లొద్దు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి నెడుతుంటే ఏ పనీ మొదలుపెట్టకుండా ముందు దాన్ని తీయించండి.

ఎక్కింది, కానీ తెలుగు పోయింది

విండోస్ ఎక్కింది. వైఫై లేదు. వైఫై డ్రైవర్ దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే వైఫై డ్రైవర్ కావాలి. ఈ ముడి విప్పడానికి మీ జేబులోని ఫోన్ చాలు. కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే విండోస్ దాన్ని నెట్‌వర్క్‌గా గుర్తిస్తుంది. లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో తయారీ కంపెనీ సైట్‌కు వెళ్లి డ్రైవర్లు దించుకోండి. అన్ని డ్రైవర్లూ ఒకే దెబ్బకు వేస్తామనే ఉచిత ప్యాకులు తమతోపాటు ప్రకటనల చెత్తనూ తెస్తాయి. ఏ సైట్ తెరిచినా "కనెక్షన్ సురక్షితం కాదు" అంటుంటే గడియారంలో తేదీ చూడండి. గుండీ సెల్ పోయిన లాప్‌టాప్ ఏ పాత సంవత్సరంలోనో ఉండిపోతుంది, ఇప్పటి సైట్ల సర్టిఫికెట్లు ఆ తేదీకి ఇంకా పుట్టి ఉండవు.

ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే. మనకే ఉన్న తలనొప్పి వేరే ఉంది. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపులో లాప్‌టాప్ ఫార్మాట్ అయిందంటే, పేజ్‌మేకర్ మళ్లీ వేసి పాత పెళ్లి పత్రిక తెరవగానే తెర నిండా పిచ్చి గీతలూ ఇంగ్లిష్ గుర్తులూ కనిపిస్తాయి. ఫైల్ పోయిందని గుండె ఆగినంత పనవుతుంది. ఫైల్ ఎక్కడికీ పోలేదు, దాని ఫాంట్ పోయింది.

మన డీటీపీ రంగం ఏళ్ల తరబడి అను ఫాంట్ల మీద నడిచింది, ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. వాటిలో తెలుగు అక్షరాలకు యూనికోడ్ సంఖ్యలుండవు. ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన స్థానాల్లో తెలుగు ముక్కలను, అంటే తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు విడివిడిగా కూర్చోబెట్టారు. ఫాంట్ ఉన్నంతసేపూ అది తెలుగు. ఫాంట్ లేకపోతే కింద ఉన్న గుర్తులు బయటపడతాయి. పైగా టైపు చేయడానికి అను స్క్రిప్ట్ మేనేజర్ కావాలి, అందులో ఆపరేటర్ చేతికి అలవాటైన కీబోర్డు లేఅవుట్ ఎంచుకోవాలి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబ్ దానికి ఆ తర్వాత కొత్త వెర్షన్ తేనే లేదు. అయినా తెలుగునాట అది రిటైరవడం లేదు. పత్రికలూ ఒకప్పుడు ఇలాంటి సొంత ఫాంట్ల మీదే బతికాయి కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. ఫార్మాట్‌కు ముందు చేయాల్సింది మాత్రం ఖాయం. ఫాంట్ల ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవాలి, స్క్రిప్ట్ మేనేజర్ ఏ వెర్షనో రాసుకోవాలి, ముఖ్యమైన డిజైన్లన్నిటికీ పీడీఎఫ్ తీసి పెట్టుకోవాలి.

యూనికోడ్‌లో పనిచేసేవాళ్లకూ ఒక చిన్న ఆశ్చర్యం ఎదురవుతుంది. విండోస్ ఎక్స్‌పీ నుంచి తెలుగుకు గౌతమి ఫాంటే పెద్ద దిక్కు, విండోస్ 7తో వాణి వచ్చింది. విండోస్ 10 కొత్తగా ఎక్కిస్తే ఈ రెండూ కనిపించకపోవచ్చు. వాటిని అదనపు ఫాంట్ల జాబితాలోకి నెట్టి, నిర్మలా అనే ఫాంట్‌ను ముందుంచారు. గౌతమిలో కొలతలు చూసుకుని చేసిన సర్టిఫికెట్లు, అర్జీల నమూనాలు దాంతో ఒక లైను కిందికీ పైకీ జరిగిపోతాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్లను చేర్చుకుంటే సరిపోతుంది. మీసేవ లాంటి కేంద్రాలు నడిపేవాళ్లు వేలిముద్ర యంత్రం డ్రైవర్, దాని ఆర్‌డీ సర్వీస్, డిజిటల్ సంతకం డాంగిల్ డ్రైవర్ ముందే దించి పెట్టుకోకపోతే ఆ రోజు వచ్చినవాళ్లందరినీ రేపు రమ్మనాల్సి ఉంటుంది.

మీ దగ్గరే ఉన్న లైసెన్స్

షాపుల్లో జరిగే ఒక పని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. విండోస్ 8 కాలం నుంచి విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్‌లలో ఆ లైసెన్స్ కీ బయోస్ చిప్‌లోనే రాసి ఉంటుంది. ఒకసారి విండోస్ 10 అసలు లైసెన్స్‌తో యాక్టివేట్ అయిన మిషన్‌ను మైక్రోసాఫ్ట్ సర్వర్ గుర్తుంచుకుంటుంది. అదే ఎడిషన్‌ను, సాధారణంగా హోమ్‌ను, మళ్లీ ఎక్కించి ఇంటర్నెట్‌కు తగిలిస్తే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. డబ్బు కట్టక్కర్లేదు. కానీ షాపు పెన్‌డ్రైవ్‌లో ప్రో ఎడిషన్ ఉంటుంది. ప్రో ఎక్కిస్తారు, అది కీ అడుగుతుంది, అప్పుడు క్రాక్ వేస్తారు. క్రాక్ పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపమంటుంది. సొంత లైసెన్స్ జేబులో పెట్టుకుని దొంగ తాళం చెవితో ఇంట్లోకి పంపించారన్నమాట, తలుపూ తెరిచే పెట్టారు.

ఎనిమిదో తరానికి ముందున్న లాప్‌టాప్‌లోనూ విండోస్ 11 ఎక్కించే ఉపాయాలున్నాయి, రూఫస్‌లోనే ఆ టిక్ మార్కులుంటాయి. నడుస్తుంది కూడా. కాకపోతే దాన్ని తాము సమర్థించబోమని, అప్‌డేట్లకు హామీ లేదని మైక్రోసాఫ్ట్ తెగేసి చెప్పింది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ అయితే పాప్‌కౌంట్ అనే సూచన తెలియని కోర్ 2 డుయో కాలపు ప్రాసెసర్ల మీద అసలు లేవదు. దుకాణం లెక్కలు నడిచే మిషన్‌కు నేను ఈ సలహా ఇవ్వను.

లైనక్స్ వద్దనడానికి కారణాలున్నాయా?

ఉన్నాయి. టాలీ, పేజ్‌మేకర్, అను, వేలిముద్ర యంత్రం, వీటిలో ఏది మీ అన్నం పెడుతున్నా విండోస్ దగ్గరే ఉండండి. చదువుకునే పిల్లలకు, బ్రౌజర్, వీడియోలు, ఉత్తరాలు చాలనుకునే ఇంటికి మాత్రం వద్దనడానికి నాకు కారణం కనిపించదు. లైనక్స్ మింట్ 22కు 2 జీబీ ర్యామ్ కనీసం, 4 ఉంటే హాయి. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. టీపీఎం అడగదు. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు లోపలే ఉంది. మరీ పాత 32 బిట్ మిషన్లకు దారులు మూసుకుపోతున్నాయి. ఉబుంటు 2017లోనే వాటికి డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్ ఆపేసింది, 2025లో వచ్చిన డెబియన్ 13 కూడా ఆపేసింది.

తెలుగులో పలికే ఆపరేటింగ్ సిస్టం కోసం మన దగ్గర ఎప్పటి నుంచో పని జరిగింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ 2005లోనే మెనూలతో సహా తెలుగులో ఉన్న లైనక్స్ డెస్క్‌టాప్‌ను విడుదల చేసింది. సీడాక్ 2007లో బాస్ లైనక్స్ తెచ్చింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా లైనక్స్ మీదే పాఠాలు చెబుతున్నాయి. మన దగ్గర అది ఔత్సాహికుల లాప్‌టాప్‌లు దాటి కౌంటర్ దాకా రాలేదు. రాకపోవడానికి భాష గానీ, కష్టం గానీ కారణం కాదు. షాపు కుర్రాడికి ఆ పెన్‌డ్రైవ్ ఎవరూ ఇవ్వలేదు, అంతే.

"ఇవన్నీ మనకెక్కడ వస్తాయి" అనేవాళ్లకు జహీరాబాద్‌లో ఉండి ఆ మాట అనే హక్కు లేదు. ఇక్కడికి దగ్గర్లోనే మాచునూరు ఉంది. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది అక్కడే. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు, చిన్నకారు రైతులు, బడి ముఖం పెద్దగా చూడనివాళ్లు, 90.4 ఎఫ్ఎం మీద రికార్డింగ్, ఎడిటింగ్, ప్రసారం అన్నీ తామే చేశారు. అంతకుముందే కెమెరా పట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని సినిమాలు కోసి అతికించారు. పెన్‌డ్రైవ్ ఎక్కించడం అంతకన్నా కష్టమైన పనేమీ కాదు.

విండోస్ 10లోనే ఉండాలనుకునేవాళ్లకు ఒక దారి మిగిలింది. 22హెచ్2 వెర్షన్ ఉన్న లాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ పేజీకి వెళ్తే ఈఎస్‌యూ అనే అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకునే అవకాశం కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగుల బ్యాకప్‌కు ఒప్పుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్ల దాకా. కౌంటర్ మీద లాప్‌టాప్ పెట్టే ముందు లోగో వస్తోందో లేదో చూడండి, టాలీ ఫోల్డరూ ఫాంట్లూ బయటికి తీసుకోండి, "డిస్క్ ఆరోగ్యం చూపించు తమ్ముడూ" అని అడగండి. చూపించనంటే లాప్‌టాప్ తీసుకుని పక్క షాపుకు నడవండి. ఈఎస్‌యూకు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13.